సముద్రానికి స్టాండు ఉండరాదు

మా రాళ్లకుంటకు సముద్రం మూడు వందల కిలోమీటర్ల దూరం. కుళాయి నీళ్లు నాలుగు రోజుల దూరం. నీళ్లొచ్చే రోజు మా ఊళ్లో నిశ్చితార్థాలు కూడా పెట్టుకోరు. అలాంటి ఊళ్లో ఇంట్లోకి సముద్రాన్ని తెచ్చుకోవడం నాదే తప్పని మా ఆవిడ రత్నమ్మ ఇప్పటికీ అంటుంది. నేను ఒప్పుకోను. నేను తెచ్చుకున్నది చేపల తొట్టి. దాన్ని సముద్రం చేసింది మునిసిపాలిటీ.

నా పేరు ఓబుళపతి. బజారు వీధిలో కళ్లజోళ్ల దుకాణం నాది. ఫ్రేముల కోసం చెన్నపట్నం పోయినప్పుడు ఒక హోల్‌సేల్ సేటు ఇంట్లో ఉప్పునీళ్ల తొట్టి చూశాను. అందులో పగడాలు పువ్వుల్లా విచ్చుకుని ఊగుతున్నాయి. వాటి మధ్య నారింజ రంగు చేపలు దోబూచులాడుతున్నాయి. పొద్దస్తమానం ఊరి జనం చత్వారం కొలుస్తూ బతికే మనిషికి అంత రంగు ఒక్కసారిగా కనబడితే మతి పోతుంది. నాకూ పోయింది.

నాలుగడుగుల గాజు తొట్టి, ఉప్పు సంచులు, లైట్లు, అలలు పుట్టించే పంపు లారీ సర్వీసులో తెప్పించాను. ఇక మిగిలింది స్టాండు. నీళ్లూ రాళ్లూ గాజూ అన్నీ కలిపితే దాదాపు అరటన్ను బరువు. మా వీధి చివర గేట్లు, ఎద్దుబండ్లు వెల్డింగ్ చేసే మహబూబ్ బాషాను పిలిచాను.

"దీని మీద ఏం పెడతావన్నా?" అన్నాడు.

"సముద్రం," అన్నాను సరదాగా. ఆ మాట అప్పుడే నాలుక కరుచుకుని మింగేసి ఉండాల్సింది.

బాషా ఇనుప యాంగిళ్లతో స్టాండు చేశాడు. ఊరి నీళ్ల ట్యాంకు కూలినా ఆ స్టాండు కూలదు. హాల్లో పెట్టి లెవెల్ చూస్తే ఒక పక్కకు ఒరిగింది. బాషా నాలుగు కాళ్లూ కొలిచి చూసి తేల్చేశాడు. "స్టాండు కరెక్టే అన్నా. నీ ఇల్లే వంకర."

ఆ ఇల్లు రత్నమ్మ ప్రాణం. ఇరవై ఏళ్లు అద్దె ఇళ్లలో ఓనర్ల సణుగుళ్లు విని విని, పుట్టింటి గాజులు అమ్మి స్లాబు వేయించుకున్న ఇల్లు. గృహప్రవేశమై రెండేళ్లే అయింది. వంకర అన్నందుకు ఆమె బాషాకు టీ ఇవ్వకుండా పంపేసింది. నేను స్టాండు కాలి కింద రబ్బరు ముక్క పెట్టి సరిచేసుకున్నాను.

ఉప్పునీళ్ల తొట్టిలో చేపలు వెంటనే వేయకూడదు. ముందు శుద్ధి చేసిన నీళ్లలో ఉప్పు కలిపి, రాళ్లు పేర్చి, పంపు తిప్పుతూ నెలరోజులు ఊరికే ఉంచాలి. ఆ రాళ్లలో కంటికి కనబడని జీవం కుదురుకోవాలి. ఇదంతా రత్నమ్మకు వివరంగా చెప్పాను. ఆమె వివరంగానే విన్నది.

"ఏమయ్యా, నెల నుంచి రాళ్లకు నీళ్లు పోస్తాండావు. మొలకలొస్తాయా?" అంది.

రోజూ ఆవిరైన మేర మంచినీళ్లు కలపాలి. ఆ నీళ్లు ఆమె బిందెల్లోంచే పోవాలి. "తాగేకి లేకపోయినా నీ రాళ్లకు మాత్రం పోయల్లనా?" అంటూనే పోసేది. చివరికి మెత్తని పగడాలు నాలుగూ, నారింజ చేపలు రెండూ వచ్చాయి. అంతే, ఆమె మాట మారిపోయింది. వాటికి జిలేబీ, జాంగ్రీ అని పేర్లు పెట్టింది. టీవీ వైపు చూడటం మానేసి స్టాండు ముందు పీట వేసుకుని కూర్చునేది. పప్పు మాడిన వాసన వస్తే నేను లేచి పోవాల్సి వచ్చేది.

అదిగో, ఆ సుఖం చూసి ఓర్వలేకే కాబోలు, మా ఊరికి కొత్త కమిషనర్ జితేంద్రనాథ్ వచ్చాడు. ఆయన ఎక్కడో నీటి మీద శిక్షణ పొంది వచ్చాడు. కుళాయిల్లో నీళ్లు ఎందుకు లేవన్నది ఆయన తొలి మీటింగులో తేల్చేశాడు. ఊళ్లో నీళ్లు ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టకపోవడం వల్లనట. వెంటనే 'జలగణన' మొదలైంది. తొట్టి మొదలు చెరువు దాకా ప్రతి నీటికీ ఒక నంబరు. నంబరు లేని నీళ్లు తాగిన వారిపై తగు చర్య.

మా వార్డు ఉద్యోగిని వన్నూరమ్మ టాబ్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. పాపం మంచి పిల్ల. ఎండలో తిరిగి తిరిగి ముఖం కందిపోయింది. తొట్టి చూడగానే అలసట మరిచిపోయి కాసేపు చేపలతో ఆడుకుంది. తర్వాత ఉద్యోగం గుర్తొచ్చింది.

"నీళ్లు తీపా, ఉప్పా అన్నా?"

"ఉప్పు."

"ఎండాకాలం ఎండిపోతాదా?"

"ఎందుకెండుతాదీ? నా బిందెలు ఉండాయి కదా," అంది రత్నమ్మ.

"పగడాలుండాయా? అలలుండాయా?"

నేను గొప్పకు పోయి అలల పంపు పెద్దది చేసి చూపించాను. టాబ్ కాసేపు చక్రం తిప్పుకుని టింగుమంది. వన్నూరమ్మ దాన్నోసారి, తొట్టినోసారి చూసింది.

"అన్నా, ఇది సముద్రమంట."

"ఎవరన్నారు?"

"యాపు."

"చేపల తొట్టి అని రాయమ్మా."

"ఆ గడి లేదన్నా. చెరువు, కుంట, బావి, కాలువ, సముద్రం. అంతే ఉండాయి. ఉప్పు అని కొట్టినాక వేరేవి తెరుసుకోవు."

"అయితే మొత్తం తీసెయ్."

"తీసేసేకి రాదు. లెక్కలో ఎక్కిన నీళ్లు తగ్గితే మాకు మెమో ఇస్తారు." ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటికి కూడా నంబరు వేయాల్సొస్తుందని భయపడి నేను ఊరుకున్నాను.

మర్నాడే కమిషనర్ దండతో సహా వచ్చాడు. వెనక బ్యాండు మేళం, విలేకరులు. మా హాల్లో చెప్పులు విప్పి, స్టాండు ముందు నిలబడి, సముద్రానికి పసుపు కుంకుమ చల్లబోతే రత్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. చేపలు చస్తాయని ఆమె గొడవ. ఆయన ఆ పసుపు స్టాండుకు పూసి ఉపన్యాసం అందుకున్నాడు.

"శతాబ్దాలుగా కరువుకు చిరునామాగా నిలిచిన రాళ్లకుంట, సదరు గణన ఫలితంగా, ఈనాటి నుంచి తీరప్రాంత పట్టణం. గత పాలకులు ఇన్నేళ్లూ ఈ సముద్రాన్ని ఎందుకు గుర్తించలేదన్న విషయమై విచారణకు ఆదేశిస్తున్నాను."

చప్పట్లు మోగాయి. అన్నిటికన్నా గట్టిగా కొట్టినవాళ్లు మునిసిపల్ సిబ్బంది. సముద్రం ఉన్న ఊళ్లో పనిచేసేవాళ్లకు తీరభత్యం వస్తుందని అప్పటికే ఎవరో ఫైలు తిరగేసి చెప్పారట. ఉప్పుగాలి వల్ల సైకిళ్లు తుప్పు పట్టినందుకు పరిహారం వేరే.

ఆ తర్వాత మా ఇల్లు మా ఇల్లులా లేదు. గుమ్మానికి 'ఇచ్చట స్నానము ప్రమాదకరము' అని బోర్డు కొట్టారు. "ఎవరికి ప్రమాదం? దిగితే మోకాలు కూడా తడవదు," అంది రత్నమ్మ. ఎక్కడో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మా డాబా మీద ప్రమాద సూచిక ఎగరేసి, మమ్మల్ని స్కూల్లోకి తరలించి పులిహోర పొట్లాలిచ్చారు. మత్స్యశాఖాయన వచ్చి ఇది చేపలు గుడ్లు పెట్టే కాలమని, వేట నిషేధమని చెప్పి, తొట్టిలో చెత్త తీసుకునే గుప్పెడంత వలను స్వాధీనం చేసుకున్నాడు. పోతూ పోతూ పడవలు ఎన్నున్నాయని అడిగాడు. లేవన్నాను. ఆ సాయంత్రమే ఊళ్లో సగం మంది పడవ లేని నిరుపేద మత్స్యకారులుగా దరఖాస్తు పెట్టుకున్నారు. మా వార్డు కౌన్సిలరు మొదటివాడు. ఆయన శాకాహారి.

ఇదంతా నవ్వుకుంటూ భరించాం. నవ్వు ఆగింది ప్లానింగ్ అధికారి శేషశయనరావు వచ్చిన రోజు. ఆయన సన్నగా, పొడుగ్గా, మడత పెట్టిన ప్లానులాగా ఉంటాడు. వచ్చీ రాగానే మోకాళ్ల మీద కూర్చుని తొట్టి కిందికి తొంగి చూశాడు.

"ఇదేమిటి?"

"స్టాండు సార్."

"సముద్రానికి స్టాండు ఉండరాదు. నేను సర్వీసులో అనేక పటాలు చూశాను. ఏ సముద్రానికీ స్టాండు చూపలేదు. ఇది సముద్రగర్భంలో చేపట్టిన అక్రమ ఇనుప కట్టడం. తొలగించండి."

"తొలగిస్తే సముద్రం పడిపోతుంది సార్."

"అది ప్రకృతి వైపరీత్యాల కిందికి వస్తుంది. దానికి వేరే శాఖ ఉంది."

తర్వాత ఆయన అసిస్టెంట్లు టేపు తీశారు. అల తాకే గీత నుంచి రెండు వందల గజాలలోపు ఏ కట్టడమూ ఉండకూడదట. గాజు మీద అల తాకే చోట టేపు చివర ఆనించారు. మా హాలు, వంటిల్లు, దేవుడి గూడు, పెరడు అన్నీ టేపులోకి వచ్చేశాయి. ఇంకా సాగదీస్తూ వీధి దాటి, టీ కొట్టు దాటి, మునిసిపల్ ఆఫీసు గేటు దగ్గరికి వచ్చేసరికి టేపు అయిపోయింది. కొత్త టేపుకు టెండరు పిలవాలట. అందుకని ఆఫీసు బతికిపోయింది. టీ కొట్టుకు చక్రాలున్నాయి. పక్కిళ్లవాళ్లు మత్స్యకారులుగా దరఖాస్తు పెట్టుకున్నారు కనుక తీరంలో ఉండవచ్చట. మిగిలింది మేమే.

"సార్, ఇల్లు ముందు కట్టుకున్నాం. తొట్టి తర్వాత వచ్చింది," అన్నాను.

ఆయన జాలిగా చూశాడు. "చూడండి ఓబుళపతి గారూ. సముద్రం వయసు కోట్ల సంవత్సరాలు. మీ ఇంటి ప్లాను మొన్నటిది. ఎవరు ఎవరిని ఆక్రమించినట్టు?"



ఇంటిని పడగొట్టే నోటీసు గుమ్మానికి అంటించారు. నేను కమిషనర్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన గది బయట మునిసిపల్ సిబ్బంది 'మా సముద్రం మా హక్కు' అని బ్యానర్ పట్టుకుని కూర్చున్నారు. నేను తొట్టిని తీసేస్తానని పుకారు పుట్టిందట. లోపల కమిషనర్ నన్ను సాదరంగా కూర్చోబెట్టాడు.

"రెండు పక్షాలకూ న్యాయం జరిగేలా ఆలోచించాను. ఇల్లు తీసేద్దాం. సముద్రాన్ని ఉంచుదాం."

"ఇల్లు లేకుండా అదెక్కడుంటుంది సార్?"

"ఆరుబయట. సముద్రం ఉండాల్సిన చోట. నిజానికి మీరే దాన్ని ఇన్నాళ్లూ నాలుగు గోడల మధ్య నిర్బంధించారు. ఆ విషయంలో నేను ఉదారంగా వ్యవహరిస్తున్నాను."

"పోనీ, నేనే పారబోసేస్తాను."

ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఎక్కడికి? సముద్రాన్ని సముద్రంలోకి తప్ప ఎక్కడికి పారబోసినా కాలుష్యం. యజమాని చేస్తే నేరం. అయినా మీరు యజమాని ఎలా అవుతారు? సముద్రానికి ఎక్కడైనా యజమాని ఉన్నాడా?"

ఇంటికొచ్చి రత్నమ్మకు చెప్పాను. పీట మీద కూర్చుని గోడ వైపు చూసింది, తొట్టి వైపు చూసింది. ఆమెకు కోపం వస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. ఆ రోజు కోపం రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. జిలేబీ, జాంగ్రీ అద్దం దగ్గరికొచ్చి మేత కోసం నోళ్లు తెరుస్తున్నాయి. వాటికేం తెలుసు.

ఈలోగా ఎండలు ముదిరాయి. ఏటా ఈ రోజులకు జిల్లా నుంచి మా ఊరికి నీళ్ల ట్యాంకర్లు వచ్చేవి. ఈసారి రాలేదు. పై నుంచి జవాబు వచ్చిందట. జలగణన ప్రకారం రాళ్లకుంటలో సముద్రం ఉన్నది కనుక, సముద్రం కలిగిన పట్టణాలను కరువు జాబితాలో చేర్చుట సాధ్యపడదు కనుక, ట్యాంకర్లు రద్దు. కమిషనర్ ఏం చేస్తాడు? గణన తప్పని ఒప్పుకుంటే గణన పోతుంది. ఆయన ఊరంతా బోర్డులు పెట్టించాడు. 'పట్టణంలోని నమోదిత జలవనరుల నుంచి ప్రజలందరూ నీరు పొందవచ్చును. అడ్డుకొను వారు శిక్షార్హులు.' ఒకటి మా గేటుకు కూడా తగిలించారు. పక్కనే పడగొట్టే నోటీసు ఉంది. రెంటి మీదా ఒకే సంతకం.

ఇల్లు పడగొట్టే రోజు పొద్దున్నే జేసీబీ వచ్చి వీధిలో నిలబడింది. శేషశయనరావు కొత్త టేపుతో, కమిషనర్ గొడుగుతో వచ్చారు. ముందు స్టాండు కోసి తీసి, తర్వాత గోడలు అని నిర్ణయించారట. స్టాండు కోయడానికి బాషానే పిలిచారు. వాడు తల దించుకుని నిలబడ్డాడు.

అదే సమయానికి వీధి ఆ చివర నుంచి ఆడవాళ్లు బిందెలతో రావడం మొదలైంది. వారం నుంచి కుళాయి లేదు, ట్యాంకరు లేదు. ఎవరికో బోర్డు కనబడింది. ఓబుళపతి ఇంట్లో నీళ్లిస్తారంట అన్నారు. అంతే. మా ఊళ్లో ఒక అలవాటు ఉంది. నీళ్లు కనబడితే ముందు బిందె పెడతారు. అవి ఏ నీళ్లని తర్వాత అడుగుతారు. ఎవరి ఇంట్లోనైనా కడిగిన నీళ్లు కాలువలోకి పోతుంటే ఆగి చెంబు పట్టే ఊరు మాది. జేసీబీని చుట్టి వచ్చి మరీ గేటు ముందు వరస కట్టారు.

రత్నమ్మ వరసను చూసింది. జేసీబీని చూసింది. గేటు మీద పక్కపక్కనే ఉన్న రెండు కాగితాలనూ చూసింది. కొంగు నడుముకు బిగించింది.

"రాండమ్మా. పట్టుకోండి," అంది.

"ఆగండి!" అని అరిచాడు శేషశయనరావు. "సముద్రాన్ని తాకరాదు!"

"నేను తాకడం లేదు సార్. మీరు రాసిన బోర్డు చూసుకోండి. అడ్డమొచ్చినోళ్లకి శిక్షంట," అంది రత్నమ్మ. కమిషనర్ బోర్డు చదివాడు. తన సంతకం చూసుకున్నాడు. ఏ అధికారైనా తన సంతకాన్ని కాదనడం నేనింతవరకూ చూడలేదు.

వాళ్లు ఇంకా గేటు దగ్గరుండగానే రత్నమ్మ హాల్లోకి పోయి, ముందుగా జిలేబీనీ జాంగ్రీనీ చెంబుతో తోడి, పగడాలు తీసి, చేపల పులుసు వండే పెద్ద మట్టిచట్టిలో పెట్టి, సగానికి పైగా అవే నీళ్లు పోసి వంటింట్లోకి పంపింది. ఆ తర్వాత వరస కదిలింది. మొదటి బిందె ముంచిన పెద్దావిడ ఓ గుక్క నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మింది.

"ఉప్పు కదమ్మా ఇవి!"

"ఉప్పేనక్కా. వద్దంటే పో," అంది రత్నమ్మ.

"వద్దనేకి నాకేమన్నా పిచ్చా? అంట్లు తోముకుంటాను," అని బిందె ఎత్తుకుని పోయింది. వెనకున్నావిడ బండలు కడుక్కుంటానంది. ఇంకొకావిడ ఊరగాయకు ఉప్పు మిగులుతుందంది. అరగంటలో సముద్రం అయిపోయింది. అడుగున రాళ్లూ ఇసకా మిగిలాయి. ఆఖరున వచ్చినావిడ ఆ ఇసక కూడా గిన్నెలు తోమడానికి పట్టుకుపోయింది.

అసిస్టెంటు టేపు చివర పట్టుకుని గాజు ముందు నిలబడ్డాడు. "ఎక్కడ ఆనించాలి సార్?"

"అల తాకే గీత దగ్గర."

"అల లేదు సార్."

శేషశయనరావు తొట్టిలోకి తొంగి చూశాడు. సముద్రం లేనిచోట తీరం ఉండదు. తీరం లేనిచోట ఇల్లు అక్రమం కాదు. ఆయన టేపు చుట్టుకున్నాడు. జేసీబీ డ్రైవరు ఇంజను ఆపి టీ తాగడానికి పోయాడు. బాషా స్టాండును ఓసారి తట్టి నావైపు చూసి నవ్వాడు.

నా మీద కేసు పెట్టాలని చూశారు గానీ కుదరలేదు. సముద్రాన్ని ఎవరో ఖాళీ చేసిన సందర్భం ఇంతకుముందు ఉందేమోనని ఎస్సై వెతికించాడు. పూర్వం ఒక ముని మీద ఇలాంటి ఫిర్యాదే ఉందని, చర్య తీసుకున్నట్టు మాత్రం రికార్డు లేదని కోర్టు గుమాస్తా చెప్పాడట. దాంతో వదిలేశారు.

కమిషనర్ మాత్రం తెలివైనవాడు. జిల్లాకు కొత్త నివేదిక పంపాడు. 'సముద్రం సైతం ఎండిపోయిన ఏకైక పట్టణం రాళ్లకుంట' అని. అంతటి కరువు ఇంతవరకూ ఏ ఊరూ చూపించలేకపోయింది. జాబితాలో మా ఊరు మొదటికెక్కింది. ఏనాడూ లేనిది వీధికో ట్యాంకరు వచ్చింది. ఆయనకు శాలువా కప్పారు. తీరభత్యం పోయినందుకు సిబ్బంది ఒక పూట నల్లబ్యాడ్జీలు పెట్టుకున్నారు. మధ్యాహ్నం తీసేశారు.

నేను మాత్రం హాల్లో కూర్చోలేకపోయాను. ఖాళీ తొట్టి కనబడకుండా వంటింట్లో పీట వేసుకునేవాణ్ణి. చేపలు మట్టిచట్టిలో, గాలి బుడగలు వదిలే చిన్న పంపు మీద బతుకుతున్నాయి. చెన్నపట్నం సేటు వచ్చి పట్టుకుపోతానన్నాడు. అప్పటిదాకా చట్టి వంటింట్లో పొయ్యి పక్కన, మూత పెట్టి. ఆ మూత కింద ఉన్నది బయటికి తెలిస్తే జేసీబీ మళ్లీ వస్తుంది.

సేటు రాకముందే వన్నూరమ్మ వచ్చింది. సముద్రం నిజంగా ఎండిందో లేదో ధ్రువీకరించి రమ్మన్నారట. హాల్లో ఖాళీ తొట్టిని టాబ్‌లో ఫొటో తీసుకుంది. పోబోతూ ఆగి చెవి ఒగ్గింది. వంటింట్లోంచి బుడబుడమని చప్పుడు వస్తోంది.

"ఏందక్కా అది?"

రత్నమ్మ ముఖం పాలిపోయింది. "పులుసమ్మా. చేపల పులుసు. ఉడుకుతాంది."

వన్నూరమ్మ వంటింట్లోకి నడిచింది. పొయ్యి ఆరిపోయి ఉంది. చట్టి మూత ఎత్తింది. జిలేబీ పైకొచ్చి ఆమె వైపు నోరు తెరిచింది. నేను మా ఇంటి గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. ఆ గోడ ఎంత చల్లగా ఉంటుందో నాకు అంతవరకూ తెలియదు.

కిటికీలోంచి వీధి కనబడుతోంది. ట్యాంకరు చుట్టూ జనం. ఆ వరసలో వన్నూరమ్మ వాళ్లమ్మ రెండు బిందెలు పెట్టుకుని నిలబడి ఉంది. ఆ పిల్ల అటు చూసింది. మూత జాగ్రత్తగా పెట్టేసింది. టాబ్ తీసి ఏదో నొక్కింది.

"పులుసేనక్కా," అంది. "మూత మాత్రం తీయొద్దు. మా కమిషనర్ సారుకి చేపలంటే చానా ఇష్టం."